చెమట లెక్క ఎవరి దగ్గరుంది?

1990 ఆగస్టు 2, గురువారం. తెల్లవారకముందే ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. మర్నాడు జుమా. అప్పటికి కువైట్‌లో లక్షా డెబ్బయి వేలకు పైగా భారతీయులున్నారు. మలయాళీలదే పెద్ద సంఖ్య అయినా, కడప జిల్లా నుంచి పోయినవాళ్ళూ తక్కువేమీ కాదు. డ్రైవర్లు, వంటవాళ్ళు, తాపీ మేస్త్రీలు, దర్జీలు, అరబ్బుల ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు. ఫోన్లు తెగిపోయాయి. ఉత్తరాలు ఆగిపోయాయి. ఇక్కడ ఇళ్ళలో మిగిలింది రేడియో ఒక్కటే.

ఆ తర్వాత ఏం జరిగిందో చాలామందికి సినిమా ద్వారానే తెలుసు. 2016లో వచ్చిన హిందీ సినిమా చూసి, ఎవరో ఒక ధనవంతుడైన వ్యాపారి అందరినీ ఒడ్డుకు చేర్చాడని నేటి యువకులు అనుకుంటారు. ఆ పాత్ర కల్పితం. నిజానికి ఆ పని చాలా చేతుల మీద నడిచింది. కువైట్‌లోని భారతీయులు తామే కమిటీలుగా ఏర్పడ్డారు. అప్పటి విదేశాంగ మంత్రి ఇందర్ కుమార్ గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళి ఇరాక్ పాలకులతో మాట్లాడారు. జనం బస్సుల్లో కువైట్ నుంచి బస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్ సరిహద్దు చేరారు. రెండు సరిహద్దుల నడుమ ఎవరికీ చెందని నేలమీద, గుడారాల్లో, ఆగస్టు ఎండలో నీళ్ళకోసం వరుసల్లో నిలబడ్డారు. అక్కడినుంచి అమ్మాన్. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో బొంబాయి. 59 రోజుల్లో 488 విమానాలు నడిచాయి. పౌరుల్ని ఇంత పెద్ద ఎత్తున విమానాల్లో తరలించడం అంతకుముందు ఎక్కడా జరగలేదు.

బొంబాయిలో దిగినవాళ్ళ చేతుల్లో ఏముంది? చాలామంది చేతుల్లో ఏమీ లేదు. ఇరాక్ ప్రభుత్వం కువైటీ దినార్‌ను తన దినార్‌తో సమానమని ప్రకటించింది. ఇరాకీ దినార్‌కు బజారులో ఉన్న విలువ కువైటీ దినార్‌తో పోలిస్తే ఎంతో తక్కువ. ఆ తర్వాత కువైటీ నోట్లు అసలే చెల్లవంది. ఏళ్ళ తరబడి కూడబెట్టింది నెలన్నర, రెండు నెలల్లో కాగితమైపోయింది. కొన్ని నెలల జీతం కఫీల్ దగ్గర ఉండిపోయింది. కొందరికి పాస్‌పోర్టు కూడా కఫీల్ బీరువాలోనే ఉండిపోయింది. తాత్కాలిక ప్రయాణ పత్రం మీద ఇల్లు చేరినవాడికి తాను కువైట్‌లో పనిచేశానని చెప్పుకోడానికి నోటిమాట తప్ప మరో సాక్ష్యం లేదు.

మరుసటి ఏడాది మన దేశం బంగారం కుదువ పెట్టాల్సి వచ్చిందని అందరికీ గుర్తుంది. చమురు ధర పెరగడం ఒక కారణమైతే, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు తగ్గడం మరో కారణం. ఇంటికి నెలకు వెయ్యి రెండు వేలు పంపే కూలివాళ్ళ చెమట దేశ ఖజానాకు ఎంత అవసరమో ఢిల్లీకి అప్పుడు బోధపడింది.

పరిహారం ఎవరికి అందింది

యుద్ధం ముగిశాక 1991లో ఐక్యరాజ్య సమితి భద్రతామండలి ఒక పరిహార కమిషన్‌ను ఏర్పాటు చేసింది. ఇరాక్ ఎగుమతి చేసే చమురు ఆదాయంలో 30 శాతం వరకు తీసి, దండయాత్ర వల్ల నష్టపోయినవారికి ఇవ్వాలన్నది ఏర్పాటు. ఇందులో మెచ్చుకోవలసిన విషయం ఒకటుంది. యుద్ధ పరిహారం అంటే అంతవరకు ఎక్కువగా ఒక ప్రభుత్వం మరో ప్రభుత్వానికి ఇచ్చుకోవడమే. ఈసారి ముందు వరుసలో మామూలు మనుషుల్ని నిలబెట్టారు. ప్రభుత్వాలు, చమురు కంపెనీలు వెనుక వరుస.

దరఖాస్తుల్ని రకాలుగా విభజించారు. 1990 ఆగస్టు 2 నుంచి 1991 మార్చి 2 లోపు కువైట్ లేదా ఇరాక్ విడిచి రావలసి వచ్చిన ఎవరికైనా మొదటి రకం కింద స్థిరమైన మొత్తం. ఒక్కరికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 డాలర్లు. ఇతర నష్టాలేవీ కోరనని రాసిస్తే 4,000, 8,000. జీతం బకాయి, సామాను, బ్యాంకు డబ్బు పోయినవారికి మరో రకం. గాయపడినవారికి, చనిపోయినవారి కుటుంబాలకు వేరొకటి. మొదటి రకం కింద 9 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. అన్నీ కలిపి దాదాపు 27 లక్షలు. ఇరాక్‌లో పనిచేసిన ఈజిప్టు కార్మికులు తాము ఇంటికి పంపిన డబ్బు చేరలేదని పెట్టుకున్న దరఖాస్తులే 12 లక్షల పైచిలుకు.

ఇన్ని లక్షల మందిని ఒక్కొక్కరినీ పిలిచి విచారించడం కుదరదు. అందుకని కంప్యూటర్లలో పేర్లు సరిచూశారు. విమాన ప్రయాణికుల జాబితాలు, సరిహద్దు దాటినవారి నమోదులు, తరలింపు పత్రాలు - ఎక్కడ పేరు కనిపిస్తే అక్కడ ఆ మనిషి మాట నిజమైంది. అమ్మాన్‌లో విమానం ఎక్కేటప్పుడు ఎవరో గుమాస్తా విసుగ్గా రాసుకున్న పేరు, ఆరేడేళ్ళ తర్వాత ఒక కుటుంబానికి లక్ష రూపాయల పైచిలుకు తెచ్చిపెట్టింది. పేరు లేనివాడు నోటితో ఎంత చెప్పుకున్నా నిరూపించుకోవడం కష్టమైంది.

మరో సంగతి. మనిషి తనంతట తాను కమిషన్‌కు దరఖాస్తు పెట్టుకునే వీల్లేదు. తన ప్రభుత్వం ద్వారానే పెట్టుకోవాలి. మన వాళ్ళకోసం విదేశాంగ శాఖలో ప్రత్యేకంగా కువైట్ విభాగం పనిచేసింది. ఏ దేశమూ లేని పాలస్తీనీయుల పరిస్థితి ఏమిటి? వారికోసం ఐక్యరాజ్య సమితి సంస్థల ద్వారా వేరే దారి వేయవలసి వచ్చింది.

ఈ సొమ్ము ఎక్కడిదన్న ప్రశ్న కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆ ఏళ్ళలో ఇరాక్ ఆంక్షల కింద నలిగిపోతోంది. మందులు లేవు, పిల్లలకు పాలు లేవు. 1996 డిసెంబరులో ఆహారం కోసం చమురు అమ్ముకునే ఏర్పాటు మొదలయ్యాకనే పరిహార నిధిలోకి డబ్బు ధారాళంగా రాసాగింది. అంటే దండయాత్ర చేసింది పాలకుడు, వాయిదాలు కట్టింది ప్రజలు. మన కార్మికుడికి అందింది అతని హక్కే, సందేహం లేదు. కానీ అది మరో పేద ముస్లిం పళ్ళెంలోంచి కూడా తీసిందే. యుద్ధం ఎవరి బాకీనీ శుభ్రంగా తీర్చదు. ఆ కమిషన్ మొత్తం 5,240 కోట్ల డాలర్లు మంజూరు చేసి, 2022 జనవరిలో చివరి వాయిదా చెల్లించింది. ఆ చివరి వాయిదా చమురు బావులు తగలబడిన నష్టానికి కువైట్‌కు చెందింది. కార్మికుల బాకీలు అంతకు చాలాముందే తీరాయి. ఒక్కటైనా సరైన వరుసలో జరిగింది.

రాయమన్నది దైవమే

దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నింటికన్నా పెద్ద ఆయత్ దేని గురించో చాలామందికి తెలియదు. నమాజు గురించి కాదు, రోజా గురించి కాదు. అప్పు రాసుకోవడం గురించి. బఖరా సూరా 282వ ఆయత్. గడువుతో అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసిపెట్టుకోండి, రాసేవాడు న్యాయంగా రాయాలి, సాక్షులుండాలి, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించకండి అన్నది దాని భావం. పద్నాలుగు వందల ఏళ్ళ కిందట, చదువు వచ్చినవాళ్ళు వేళ్ళమీద లెక్కించదగ్గ సమాజంలో వచ్చిన ఆదేశమిది. జీతం ఎంత, ఎన్ని గంటలు, ఎన్నేళ్ళు అన్న కాగితం లేకుండా విమానం ఎక్కే మన పిల్లవాడి విషయంలో ఈ ఆయత్‌ను మనం గుర్తు చేసుకుంటున్నామా?

ఒప్పందం మీద పరదేశంలో పనిచేసిన ఒక ప్రవక్త కథ ఖసస్ సూరాలో ఉంది. హజ్రత్ మూసా (అలై) ప్రాణభయంతో ఈజిప్టు విడిచి మద్యన్ చేరారు. చేతిలో ఏమీ లేదు. పశువులకు నీళ్ళు తోడిపెట్టిన మంచితనం ఆయనకు పని చూపించింది. అక్కడి వృద్ధుడు గడువు స్పష్టంగా చెప్పాడు. ఎనిమిదేళ్ళు పనిచెయ్యి, పది పూర్తిచేస్తే అది నీ ఇష్టం, నీమీద భారం వేయాలని నాకు లేదన్నాడు. గడువు, ప్రతిఫలం, మర్యాద అన్నీ మొదటిరోజే తేలిపోయాయి. యజమాని అంటే అలా ఉండాలి. ఈ కథ మనం ఎన్నిసార్లు విన్నా, అందులో వలస కార్మికుడున్నాడన్న ఆలోచన మనకు రాదు.

కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇచ్చేయమన్న దైవప్రవక్త (స) హితవు అందరికీ కంఠతా వచ్చు. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలబడతానని అల్లాహ్ హెచ్చరించినట్టు బుఖారీ హదీసు చెబుతుంది. గల్ఫ్ దేశాల్లో జుమా ఖుత్బాల్లో ఈ హదీసులు వినిపిస్తూనే ఉంటాయి. కాని ఇంట్లో పనిచేసే మనిషికి చాలాకాలం అక్కడి కార్మిక చట్టమే వర్తించలేదు. కువైట్‌లో ప్రైవేటు సంస్థల పనివారిది 18వ నంబరు వీసా, ఇంటి పనివారిది 20వ నంబరు వీసా. ఈ తేడా కడప జిల్లాలో చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. 20వ నంబరు మీద పోయిన డ్రైవరు, వంటవాడు, ఖద్దామా రోజుకు ఎన్ని గంటలు పనిచేయాలో చెప్పే చట్టం 2015 దాకా రాలేదు. ఆ ఏడాది వచ్చిన 68వ చట్టం రోజుకు 12 గంటలకు మించరాదని, వారానికి ఒకరోజు సెలవని, ఏడాదికి ఒక నెల జీతం చొప్పున సర్వీసు ముగింపు సొమ్ము ఇవ్వాలని అంది. మరుసటి ఏడు కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. చట్టం ఉందని తెలిస్తేనే కదా అడిగేది. ఇంటి తలుపు మూస్తే లోపల ఏ ఇన్‌స్పెక్టరూ ఉండడు.

కేరళ లెక్కపెట్టింది, మనం పెట్టలేదు

ఇంతకీ మన తెలుగు ప్రాంతాల నుంచి ఎందరు గల్ఫ్‌లో ఉన్నారు? ఈ ప్రశ్న ఎవర్ని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో సంఖ్య చెబుతారు. నాయకులు ఎన్నికల ముందు పెంచి చెబుతారు, కష్టం వచ్చినప్పుడు తగ్గించి చెబుతారు.

ఎందుకిలా జరుగుతోందంటే, లెక్క పెట్టే యంత్రాంగమే లేదు. జనగణనకు వచ్చే ఉద్యోగి దేశంలో ఉన్నవారిని రాసుకుంటాడు గాని కువైట్‌లో ఉన్న ఇంటిపెద్దను రాసుకోడు. ఆ ఇంట్లో ఆయన లేనట్టే. 1983 నాటి వలస చట్టం కింద పదో తరగతి పాసు కాని వారు గల్ఫ్ తదితర 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతుల లెక్క ఢిల్లీలో ఉంటుంది. పది పాసైనవాడు ఆ లెక్కలోకి రాడు. విజిట్ వీసా మీద పోయి అక్కడే పనిలో కుదిరినవాడు రాడు. తిరిగొచ్చినవాడిని ఎవరూ తీసివేయరు. అంటే గుమ్మంలో నిలబడి పోయేవాళ్ళలో కొందరిని మాత్రమే లెక్కపెట్టి, వచ్చేవాళ్ళను చూడకుండా కళ్ళు మూసుకున్నట్టు.

కేరళ వేరే పని చేసింది. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ పండితులు కె.సి. జకరియా, ఇరుదయ రాజన్ తదితరులు 1998లో 10,000 ఇళ్ళకు మనుషుల్ని పంపారు. మీ ఇంటినుంచి ఎవరు పోయారు, ఎప్పుడు, ఎంత అప్పుచేసి, ఎంత పంపుతున్నారు, ఆ డబ్బు దేనికి ఖర్చయింది, తిరిగొచ్చాక ఏం చేస్తున్నారు అని అడిగారు. అప్పుడు తేలిన సంఖ్య దాదాపు 13 లక్షల 60 వేల మంది వలసదారులు. అక్కడితో వదలలేదు. కొన్నేళ్ళకొకసారి అదే సర్వే మళ్ళీ మళ్ళీ చేస్తూ వచ్చారు. 2018లో 21 లక్షలు, 2023లో 22 లక్షలు. కేరళ జనాభాలో నాలుగో వంతు పైచిలుకున్న ముస్లింలు వలసల్లో అంతకంటే చాలా ఎక్కువ వాటా ఉన్నారని కూడా ఆ సర్వేలే చెప్పాయి. మలప్పురం ఇళ్ళ ముంగిట నిలబడి అడిగిన ప్రశ్నల వల్లనే అక్కడి ప్రభుత్వాలకు తమ వలసదారుల బరువు తెలిసింది. 1996లోనే ప్రవాసుల వ్యవహారాలకు ప్రత్యేక శాఖ, తర్వాత సంక్షేమ బోర్డు, పింఛను వచ్చాయి. సంఖ్య చేతిలో ఉన్నవాడు అడగగలడు. మనం వినతిపత్రాలు ఇస్తాం.

తెలంగాణకు దేశంలోకి వచ్చే విదేశీ సొమ్ములో 8 శాతం పైచిలుకు చేరుతోందని 2023-24 సంవత్సరానికి రిజర్వ్ బ్యాంకు జరిపిన సర్వే తెలిపింది. ఆంధ్రప్రదేశ్‌కు వచ్చేది అంతకు దాదాపు సగం. ఇందులో అమెరికా సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పంపిన డాలరు, జగిత్యాల తాపీ పనివాడు పంపిన రియాల్ కలిసిపోయి ఉంటాయి. వేరుచేసి చూపే సర్వే లేదు. ఈ సర్వే చేయించడానికి ఒక ఫ్లైఓవరు ఖర్చు అక్కర్లేదు, దాని పక్కన నాటే మొక్కల ఖర్చు చాలు.

లెక్కల గురించి మాట్లాడేటప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) గుర్తుకు రాక మానరు. రాజ్యంలోకి సొమ్ము ధారగా వచ్చిపడుతున్న కాలంలో ఆయన దీవాన్ పేరుతో రిజిస్టర్లు పెట్టించారు. ఎవరికి ఎంత భృతి అందాలో పేరుపేరునా రాయించారు. సంక్షేమం పేర్ల జాబితాతోనే మొదలవుతుందని ఆయనకు తెలుసు.

ఇంట్లో మిగిలిన ఆడవాళ్ళు, ఇల్లు విడిచిన ఆడవాళ్ళు

లీలా గులాటి అనే పరిశోధకురాలు కేరళలో భర్తలు గల్ఫ్ పోయిన స్త్రీలతో ఏళ్ళ తరబడి మాట్లాడి 1993లో ఒక పుస్తకం ప్రచురించారు. భర్త పంపే డబ్బు కోసం తొలిసారి బ్యాంకుకు వెళ్ళిన స్త్రీ, ఇల్లు కట్టించడంలో మేస్త్రీతో బేరమాడిన స్త్రీ, పిల్లల బడి ఫీజు తానే నిర్ణయించిన స్త్రీ - వీళ్ళు ఆ పుస్తకంలో కనిపిస్తారు. ఒంటరితనమూ కనిపిస్తుంది. రెండేళ్ళకొకసారి నెలా రెండు నెలలకు వచ్చే భర్త చుట్టంలా ఉంటాడు. తండ్రి ఫొటోను అబ్బా అని పిలవడం నేర్చుకున్న పిల్లలు, మనిషి ఎదురుపడితే అమ్మీ వెనక దాక్కుంటారు. హైదరాబాద్ పాతబస్తీలో, కడపలో, నిజామాబాద్‌లో ఈ ఇళ్ళు మనకు తెలియనివి కావు. కానీ మన ఇళ్ళ గురించి అలాంటి పుస్తకం ఏదీ?

కడప, గోదావరి జిల్లాలకు మరో ప్రత్యేకత ఉంది. ఇక్కడినుంచి ఆడవాళ్ళు కూడా పెద్ద సంఖ్యలో ఇంటి పనులకు పోతారు. వీరి రక్షణ కోసమని ప్రభుత్వం 30 ఏళ్ళు నిండని, పది పాసుకాని స్త్రీలు గల్ఫ్ ఇళ్ళలో పనికి పోరాదని నిబంధన పెట్టింది. వినడానికి బాగానే ఉంది. కాని ఆంధ్ర, కేరళ స్త్రీల వలసను పరిశీలించిన ప్రవీణ కోడోత్, వి.జె. వర్గీస్ 2012లో ప్రచురించిన వ్యాసంలో ఈ కట్టడులు స్త్రీలను కాపాడకపోగా దొడ్డిదారి పట్టిస్తున్నాయని వాదించారు. ఆకలికి వయసు నిబంధన తెలియదు. 24 ఏళ్ళ స్త్రీ ఏజెంటు చేతికి డబ్బిచ్చి వయసు మార్చిన కాగితంతోనో, విజిట్ వీసాతోనో పోతుంది. అప్పుడామె రికార్డులో లేదు. కష్టమొస్తే ఎంబసీ మెట్లెక్కడానికి భయపడుతుంది. రక్షణ కోసం రాసిన నిబంధన ఆమెను చీకట్లోకి తోసింది.

మన సమాజంలో కూడా ఒక కపటం ఉంది. మహ్రం తోడు లేకుండా ఆడది ఎలా పోతుందని మసీదు అరుగు మీద విమర్శించే పెద్దలు, ఆమె పంపిన దినార్లతో జరిగే పెళ్ళి విందుకు మాత్రం ముందు వరుసలో కూర్చుంటారు. ఆమె పోకుండా ఆ ఇంట్లో పొయ్యి వెలిగే ఏర్పాటు చేసినవారు ఎవరైనా ఉంటే, వారికి విమర్శించే హక్కు ఉంది.

అప్పులోనే విమానం

రిజిస్టర్డు ఏజెంటు ఒక కార్మికుడి దగ్గర సర్వీసు చార్జీగా 30,000 రూపాయలు, దానిపై పన్ను మించి తీసుకోరాదని నిబంధన. ఊళ్ళో తిరిగే సబ్ ఏజెంటును చట్టం గుర్తించనే గుర్తించదు. అయినా వీసాకు ఎంతైందని గల్ఫ్‌నుంచి వచ్చిన ఎవరినైనా అడగండి. లక్ష దాటని జవాబు అరుదు. ఆజాద్ వీసా అయితే ఇంకా ఎక్కువ. నిజానికి ఆజాద్ వీసా అన్నది ఏ గల్ఫ్ దేశ చట్టంలోనూ లేదు. ఒక కఫీల్ పేరుమీద పోయి, ఏటా అతనికి డబ్బు కట్టి, బయట దొరికిన పని చేసుకోవడం. దొరికిపోతే ఖల్లివల్లి. జైలు, ఔట్‌పాస్, వేలిముద్రలు, తిరుగు విమానం.

ఈ లక్ష ఎక్కడినుంచి వస్తుంది? నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి. అంటే ఏడాదికి 24 నుంచి 36 శాతం. ఎన్నో నెలల చెమట అప్పు, వడ్డీ తీర్చడానికే పోతుంది. వడ్డీ హరామని ఎరిగిన మనిషి, అరబ్బు గడ్డకు పోవడానికి వడ్డీ తీసుకుంటున్నాడు. అతనిని తప్పుపట్టడం తేలిక. అతనికి ఖర్జె హసనా ఇచ్చే ఏర్పాటు మన మహల్లాలో ఉందా అని ముందు అడగాలి. తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది రకాల వారిలో అప్పుల్లో కూరుకుపోయినవారు, దారిలో చిక్కుకుపోయిన బాటసారులు స్పష్టంగా ఉన్నారు. రమజాన్‌లో జకాత్ పంచేటప్పుడు ఫకీరు, మదరసా మనకు గుర్తుకొస్తాయి. జీతం అందక, కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వక, టికెట్టుకు డబ్బులేక రియాద్ గదిలో ఇరుక్కుపోయిన మన ఊరివాడికన్నా బాటసారి ఎవరున్నారు?

ప్రభుత్వ బీమా ఒకటుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయల ప్రీమియంతో ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగుడై ఉద్యోగం పోయినా 10 లక్షల రూపాయలు. అయితే ఎండలో పనిచేసి గదికొచ్చి గుండెపోటుతో పోయినవాడిది సహజ మరణం. దానికి ఆ 10 లక్షలు లేవు. ఎడారి ఎండ, పన్నెండు గంటల పని, అప్పు బెంగ కలిసి గుండెను ఆపితే దాన్ని సహజమని రాస్తారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించిన కార్మికుని కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. ఆలస్యమైనా మంచి పని. అదే ఏడాది జూన్ 12న కువైట్ మంగఫ్‌లో కార్మికులు నిద్రించే భవనం తగలబడి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. మృతుల్లో ఆంధ్రప్రదేశ్ వాళ్ళూ ఉన్నారు.

సోదరత్వం సరిహద్దు దగ్గర

1990లో బాధపడింది మనవాళ్ళే కాదు. యెమెన్ ప్రభుత్వం ఇరాక్ పక్షాన మొగ్గిందన్న కోపంతో సౌదీ ప్రభుత్వం యెమెనీయులకున్న ప్రత్యేక వసతిని రద్దు చేసింది. దాదాపు 8 లక్షల మంది వెనుదిరగవలసి వచ్చింది. కువైట్‌లో యుద్ధానికి ముందు దాదాపు 4 లక్షల పాలస్తీనీయులుండేవారు. బడుల్లో ఉపాధ్యాయులు, ఆసుపత్రుల్లో వైద్యులు, ఆఫీసుల్లో ఇంజనీర్లు వాళ్ళే. వారి నాయకత్వం సద్దాం వైపు మాట్లాడిందన్న నేరానికి, విముక్తి తర్వాత అత్యధికులు ఆ దేశంలో ఉండలేకపోయారు. ఒకే ఖిబ్లా, ఒకే భాష. అయినా కార్మికుడికి ఇచ్చిన ఆశ్రయం పాలకుల కోపతాపాల మీద ఆధారపడింది. హైదరాబాద్ బార్కస్‌లో నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన హజ్రమౌత్ అరబ్బుల వారసులు ఇప్పటికీ ఉన్నారు. ఒకప్పుడు యెమెన్ నుంచి దక్కనుకు కూలికి వచ్చారు, చమురు వచ్చాక ఇక్కడినుంచి అటు పోయారు. కువైట్‌లో 1961 దాకా చలామణీ అయింది మన రూపాయే. ఎవరు యజమాని, ఎవరు కూలి అన్నది కాలం ఎప్పుడు తిప్పేస్తుందో చెప్పలేం.

2020లో కరోనా వచ్చినప్పుడు మళ్ళీ అదే దృశ్యం. మే నెల నుంచి విమానాలు నిండుగా వచ్చాయి. నెలల జీతం, సర్వీసు ముగింపు సొమ్ము వదులుకుని చేతులూపుకుంటూ దిగారు. ఆసియా దేశాల వలస కార్మిక సంఘాలు బకాయి జీతాల కోసం గొంతెత్తాయి గాని, 1991లో లాంటి పరిహార కమిషన్ ఈసారి ఎవరూ పెట్టలేదు. అక్కడి కోర్టులో కేసు వేసేందుకు, ఎంబసీకి అధికార పత్రం రాసిచ్చేందుకు, కనీసం ఫిర్యాదు చేసేందుకు కావలసినవి ఆ పాత కాగితాలే.

అవేమిటో మసీదు కమిటీలు ఒకసారి తీరిగ్గా చూడాలి. పాస్‌పోర్టు, వీసా, ఇఖామా లేదా సివిల్ ఐడి నకళ్ళు. ఉద్యోగ ఒప్పందం, అరబ్బీ ప్రతి, దాని అనువాదం. కఫీల్ పూర్తి పేరు, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా. ఏజెంటుకు ఇచ్చిన డబ్బుకు రసీదు, అతను రసీదు ఇవ్వకపోతే ఇచ్చిన తేదీ, ఎదురుగా ఉన్న ఇద్దరు సాక్షుల పేర్లు. బీమా పత్రం నంబరు. జీతం పడిన బ్యాంకు కాగితాలు. ఇవి పోయినవాడి దగ్గరే కాదు, ఇంట్లో ఒక నకలు, మసీదు బీరువాలో ఒక నకలు ఉండాలి. నిఖా రిజిస్టరు ఉన్న ప్రతి మసీదులో దాని పక్కన మరో రిజిస్టరు పెట్టడానికి చోటుంది. మహల్లా నుంచి ఎవరు పోయారు, ఎప్పుడు, ఏ నంబరు వీసా మీద, ఎంత అప్పుతో, ఎప్పుడు తిరిగొచ్చారు. పది ఇంటర్ చదివే పిల్లలు వేసవి సెలవుల్లో రెండు శుక్రవారాలు జుమా తర్వాత కూర్చుంటే మొదటి విడత పూర్తవుతుంది. ఆడవాళ్ళున్న ఇళ్ళకు ఆడపిల్లలు వెళ్ళి అడిగితే, మగవాళ్ళకు చెప్పని సంగతులు కూడా రాసుకోవచ్చు.